నిశ్శబ్ద కుటీరంలో లక్ష్మీరాజం నిద్ర

ఉట్నూర్ దాటాక అడవిలో కొత్తగా వెలసిన వనశాంతి విడిదిలో ఎవరూ శబ్దం చేయరాదని ప్రతి ఉదయం లౌడ్‌స్పీకరులో ప్రకటిస్తారు. తెలుగులో ఒకసారి, మరాఠీలో ఒకసారి, విననివాళ్ల కోసం మళ్లీ తెలుగులో ఒకసారి. ఆ ప్రకటనకు చెట్ల మీది చిలుకలన్నీ గోలగా లేచిపోతాయి. అవి పోయిన తర్వాత నిశ్శబ్దం అమల్లోకి వచ్చినట్టు లెక్క.

విడిదిలోని కుటీరాలు చూడముచ్చటగా ఉంటాయి. సిమెంటు గోడలకు మట్టిరంగు పూసి, అక్కడక్కడ పగుళ్లను కూడా చిత్రకారుల చేత గీయించారు. రేకుల కప్పు మీద గడ్డి పరిచారు. లోపల లాంతరు వేలాడుతుంటుంది, దాని స్విచ్చి తలుపు పక్కన ఉంటుంది. పక్క గూడెంలో అసలైన మట్టి గోడలూ అసలైన పగుళ్లూ ఉన్నమాట నిజమే గాని, అవి నిర్దేశిత ప్రమాణాల మేరకు లేనందున పర్యాటకులకు చూపించడం లేదు.

ఇంతటి విడిదికి మానేరుపేట నుంచి లక్ష్మీరాజం, ఆయన భార్య నర్మద వచ్చి దిగారు. మానేరుపేట కరీంనగర్ అవతల ఉన్న మరమగ్గాల ఊరు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. లక్ష్మీరాజం ఇంటి వెనకే ఆయన కార్ఖానా ఉంది. మంచం తలాపుకీ మొదటి సాంచకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆయన పుట్టింది ఆ చప్పుడులోనే, పెరిగింది ఆ చప్పుడులోనే.

ఈ మధ్య కొన్ని నెలలుగా ఆయనకు నిద్ర పట్టడం లేదు. బీపీ ఎక్కి కూర్చుంది. కరీంనగర్‌లో పెద్ద డాక్టరుకు చూపిస్తే ఆయన నాడి చూడకముందే, ఇంటి దగ్గర చప్పుడుంటుందా అని అడిగాడు. ఉంటుందన్నాడు లక్ష్మీరాజం. రోగం దొరికిపోయింది. ఆ చప్పుడు మొదలైనప్పుడు మెలకువ వస్తున్నదా, ఆగినప్పుడు వస్తున్నదా అన్న ప్రశ్న మిగిలిపోయింది గాని, బయట చాలామంది రోగులు కూర్చుని ఉన్నందున డాక్టరు దాన్ని అడగలేదు. కొన్నాళ్లు నిశ్శబ్దంలో నిద్రపోకపోతే గుండె మాట వినదని మాత్రం గట్టిగా చెప్పాడు. నర్మదకు ఆ మాట గుండెలో ముల్లులా దిగింది. కరీంనగర్‌లో ఉండే కూతురు దీపిక వెంటనే ఫోనులోనే కుటీరం బుక్ చేసింది. కార్ఖానాను పనివాడు వెంకటేశ్‌కు అప్పగించి దంపతులు బస్సెక్కారు.

విడిది మేనేజరు సామ్యూల్ దంపతుల మెడలో పూలదండలు వేసి స్వాగతోపన్యాసం ఇచ్చాడు.

"మాననీయ అతిథులారా! నగర జీవితపు రణగొణ ధ్వనులతో విసిగి వేసారిన మీకు ఈ వనశాంతి తల్లి ఒడివంటిది. ఇక్కడ ఆకు రాలినా వినబడుతుంది. నిశ్శబ్దమే మా సేవ, నిశ్శబ్దమే మా భోజనం, నిశ్శబ్దమే మా ధ్యేయం!"

అని చాలాసేపు, మంచి కంఠంతో చెప్పాడు. ఆ తర్వాత మామూలు మనిషై, "చాయ తాగుతరా సార్?" అని అడిగాడు.

"తాగుతం!" అన్నాడు లక్ష్మీరాజం. పొదలో ఉన్న కుందేలు ఒకటి రోడ్డు దాటి పారిపోయింది.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. సాంచాల మధ్య పెరిగినవాళ్లు గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. నిజంగా రహస్యం చెప్పుకోవలసి వస్తే మానేరుపేటలో నోరు వాడరు, పెదవులూ వేళ్లూ వాడతారు. కార్ఖానా ఆ చివరివాడికి నూలు అయిపోయిందనీ, ఈ చివరివాడికి అన్నం వచ్చిందనీ సైగల్లోనే తెలుస్తుంది. నర్మద నచ్చిందన్న మాటను కూడా లక్ష్మీరాజం అప్పట్లో కార్ఖానా ఈ చివర నిలబడి పెదవులతోనే చెప్పాడు. నర్మద ఆ చివర నూలు కండెలు చుడుతూ అందుకుంది. మధ్యలో సాంచాలన్నీ నడుస్తున్నందున ఇద్దరి తండ్రులకూ ఆ సంగతి చాలా ఆలస్యంగా తెలిసింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక లక్ష్మీరాజం వెదురు మంచం మీద నడుం వాల్చాడు. అడవి చెప్పిన మాట నిలబెట్టుకుంది. ఎక్కడా ఏమీ వినిపించలేదు. కన్ను మూతపడిందో లేదో ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు.

"నర్మదా! కరెంటు పోయిందా?"

"కరెంటు ఉన్నదయ్యా. ఫ్యాను తిరుగుతలేదా?"

"మరి సాంచాలెందుకు బందైనయ్?"

"మనం అడివిల ఉన్నం. గీడ సాంచాలు లేవు."

"వాడల ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోలే. ఫికర్ జేయకు, పండుకో."

పడుకున్నాడు. మళ్లీ లేచాడు. మానేరుపేటలో చప్పుడు ఆగిందంటే కరెంటు పోయి ఉండాలి, నూలు రాక ఆగి ఉండాలి, లేదా వాడలో ఎవరో కన్ను మూసి ఉండాలి. ఈ మూడూ కాకుండా ఊరికే నిశ్శబ్దంగా ఉండటమన్నది లక్ష్మీరాజం ఎరగడు. ఆయన చెవులు కీడు కోసం వెతుకుతూనే ఉన్నాయి. ఆ రాత్రి సంగతి వేరే చెప్పనక్కరలేదు. తెల్లారేసరికి కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

అతిథికి నిద్ర పట్టలేదని తెలిసి సామ్యూల్ నొచ్చుకున్నాడు. మంచివాడు, ఉద్యోగం మీద భక్తి ఉన్నవాడు. కారణం ఒక్కటే అయి ఉండాలని నిర్ధారణకు వచ్చాడు.

"నిశ్శబ్దం సరిపోయినట్టు లేదు సార్. పెంచుతం."

పెంచాడు. వంటింటి కోడిపుంజును గంప కింద మూశారు. దారిలో ఎండుటాకులు అడుగు కింద నలగకుండా ఊడ్పించారు. మేతకు పోయే ఎడ్ల మెడల్లోని గంటల్లో భైంసా నుంచి తెప్పించిన మేలురకం పత్తి కుక్కారు. ఎడ్లు చప్పుడు లేకుండా ఊగుతున్న గంటలతో, తమకేదో అన్యాయం జరిగినట్టు నడిచిపోయాయి. రోకలి దంపుడు ఆపారు, దాంతో పచ్చడి కూడా ఆగింది. ఉదయపు ప్రకటన మాత్రం ఆపలేదు. అది కూడా ఆపితే నిశ్శబ్దం పాటించాలని జనానికి ఎలా తెలుస్తుందన్నది సామ్యూల్ వాదన. ఆ వాదన సమంజసమైనదే.

నిశ్శబ్దం పెరిగిన కొద్దీ లక్ష్మీరాజం క్షీణించాడు. కుటీరం చుట్టూ తిరుగుతూ, తెగిన పోగు కోసం చూస్తున్నవాడిలా నేల వైపే చూసేవాడు. నర్మదకు భయం పట్టుకుంది. గుండె గురించి డాక్టరు అన్న మాట ఆమె చెవిలో మోగుతూనే ఉంది. మొగుడు అన్నం సరిగా తినడం లేదని, జొన్నరొట్టెయినా చేసిపెడదామని పిండి కోసం గూడేనికి బయలుదేరింది. ఒంటరిగా వదలడానికి మనసొప్పక ఆయన్ని కూడా వెంట తీసుకుపోయింది.

గూడెం మొదట్లో సమ్మక్క నడిపే పిండిగిర్ని ఉంది. అప్పుడే ఎవరో జొన్నలు పట్టిస్తున్నారు. తోలుపట్టా తిరుగుతూ టపటపా కొట్టుకుంటున్నది, రేకు డబ్బా ఖట్ ఖట్ మని ఊగుతున్నది, పాత మోటారు మూలుగుతున్నది. లక్ష్మీరాజం గుమ్మంలో ఆగిపోయాడు. ఇంటికి చేరినవాడి ముఖం పెట్టాడు. ఎవరినీ అడగకుండా లోపలికి పోయి, జొన్నల బస్తాల మీద కూర్చున్నాడు. నర్మద పిండి మాట ఎత్తేలోపలే ఆయన బస్తాల మీద ఒరిగిపోయి గురక పెడుతున్నాడు.

సమ్మక్క నోట్లో కొంగు పెట్టుకుంది.

"పిండి వట్టిచ్చుకునేటందుకు వస్తరు గని, పండుకునేటందుకు ఎవలు రాలే ఇప్పటిదాంక."

"జర ఆపకక్కా, నీ పుణ్యముంటది. ఎన్ని దినాలాయెనో ఈయన గిట్ల నిద్రవోయి," అంది నర్మద. ఆమెకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఆ పూట గూడెంలో అవసరం ఉన్నవాళ్లూ లేనివాళ్లూ జొన్నలు తెచ్చి పట్టించారు. పట్టించిన పిండినే కొందరు మళ్లీ పట్టించారు. అంత మెత్తని రొట్టెలు ఆ గూడెంలో అంతకు ముందు ఎవరూ తినలేదు.

అప్పటి నుంచి ఉన్నన్నాళ్లూ లక్ష్మీరాజం రోజూ నిశ్శబ్ద కుటీరం నుంచి బయలుదేరి గిర్నికి పోయి నిద్రపోయి, తల నుంచి కాలిదాకా తెల్లగా తిరిగి వచ్చేవాడు. ముఖంలో కళ వచ్చింది. ఆ తెలుపు ఎక్కడిదని సామ్యూల్ అడగలేదు. వెళ్లే రోజున మాత్రం ఫోను కెమెరా ముందు నిలబెట్టి, విడిది గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నాడు.

"మస్తు నిద్ర వట్టింది! గిసొంటి నిద్ర ఇంట్ల గూడ వట్టలే!" అని అరిచాడు లక్ష్మీరాజం. అది నిజమే కాబట్టి అబద్ధమని ఎవరూ అనలేరు. ఆ వీడియో అన్ని ఫోన్లకూ పాకి, చివరికి ప్రశాంతతా ప్రోత్సాహక మండలి అధ్యక్షుడైన శ్రీహరిగారి ఫోనులోకి కూడా చేరింది.

బస్సు మానేరుపేట చౌరస్తాలో ఆగింది. దిగగానే లక్ష్మీరాజం చెయ్యి నర్మద భుజాన్ని పట్టుకుంది. ఊరంతా అడవిలా ఉంది. ఏ వీధిలోనూ ఖట్ మన్న చప్పుడు లేదు. టీ కొట్టు దగ్గర గ్లాసులు కడుగుతున్న శబ్దం వాడ చివరి దాకా వినిపిస్తున్నది.

కార్ఖానా అరుగు మీద వెంకటేశ్ కూర్చుని ఉన్నాడు.

"కరెంటు పోయిందారా?" అని అడిగాడు లక్ష్మీరాజం. పోయిందంటే బాగుండునన్నట్టు అడిగాడు.

"కరెంటు ఉన్నది సేటు. సర్కారు చీరల ఆర్డరే పోయింది. నూలు బంద్ జేసిండ్రు. ఇన్ని దినాలు జర జర ఆగుకుంట నడిసినయ్ గదా, ఇగ మొత్తానికే ఆగినయ్. పోరగాండ్లు సాంచాల పనికి భివండి వోతమంటుండ్రు."

లక్ష్మీరాజం లోపలికి పోయి మొదటి సాంచ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. చల్లగా ఉంది. ఆ పూట నుంచి ఆయన కన్ను మళ్లీ మూతపడలేదు.

సరిగ్గా అదే వారంలో ప్రశాంతతా మండలివారు శబ్దాన్ని కొలిచే యంత్రాన్ని పట్టుకుని ఊళ్లు తిరుగుతూ మానేరుపేటకు వచ్చారు. ముల్లు కదలకపోయేసరికి యంత్రం పాడైందేమోనని అనుమానపడి ఇంకొకటి తెప్పించారు. అదీ అదే చెప్పింది. ఇంత తక్కువ కాలంలో శబ్ద కాలుష్యాన్ని ఇంతగా అరికట్టిన ఊరు మరొకటి లేదని తేలడంతో, మానేరుపేటను ఆదర్శ ప్రశాంత పట్టణంగా ప్రకటించి ఘనంగా సభ పెట్టారు. వీడియోతో ప్రసిద్ధుడైన లక్ష్మీరాజాన్ని వేదిక మీద, అధ్యక్షుడి పక్కనే కూర్చోబెట్టి శాలువా కప్పారు. శాలువా సూరత్‌లో నేసినది.

శ్రీహరిగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! ఒకప్పుడు ఈ పట్టణం ఎంతటి చప్పుడుతో బాధపడేది! పసిపిల్లలకు నిద్ర లేదు, వృద్ధులకు నిద్ర లేదు. ఈనాడు చూడండి! సూది పడినా వినిపిస్తుంది. మీరు సాధించిన ఈ ప్రశాంతతను కంటికి రెప్పలా కాపాడుకోవాలని మనవి చేస్తున్నాను!"

జనం చప్పట్లు కొట్టారు. చేతులు ఖాళీగా ఉన్నందున సభకు ఊరంతా వచ్చింది, చప్పట్లు కూడా బ్రహ్మాండంగా మోగాయి. పైగా అవి నేతగాళ్ల చేతులు. పుట్టినప్పటి నుంచి ఒకే తాళానికి అలవాటు పడినవి. కొద్దిసేపట్లోనే అన్నీ ఒక్క వరసలోకి వచ్చి, ఖట్ ఖట్ ఖట్ మని నడవసాగాయి.

వేదిక మీద లక్ష్మీరాజం తల మెల్లగా వాలింది. అధ్యక్షుడి భుజం మీద ఆనింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

ఆడవాళ్ల వరసలో కూర్చున్న నర్మద అది చూసింది. చప్పట్లు సన్నబడబోతున్నాయి. ఆమె లేచి నిలబడి, జనం వైపు తిరిగి, కార్ఖానాలో చేసినట్టే పెదవులతో, వేళ్లతో చెప్పింది. ఆపకుండ్రి. ఆపితే లేస్తడు.

మానేరుపేటలో అర్థం కానివాడు లేడు. ముందు వెంకటేశ్, వెనక వాడంతా, చేతులు ఎర్రబడేదాకా కొడుతూనే ఉన్నారు. ఆ సైగలు చదవడం రాని మనిషి సభలో ఒక్కరే ఉన్నారు. ఈ చప్పట్లన్నీ తన ప్రసంగానికేనని పొంగిపోయి, శ్రీహరిగారు మళ్లీ మైకు అందుకున్నారు.