పక్క మంచానికి పెట్టిన గోలీ

ఆ ఉదయం డాక్టర్ మల్లికార్జున్ అనుకున్నది చిన్న పనే. మొగిలయ్యకు బీపీ చూసి, మధ్యాహ్నం బస్సుకు ఊరికి పంపేయాలి. మర్నాడు మనుమరాలిని తొట్టెలలో వేస్తున్నారు. తన తల్లి పేరు, సారలమ్మ, పిల్ల చెవిలో తానే చెప్పాలని ముసలాయన వార్డంతా చెప్పుకుంటున్నాడు.

నిజానికి ఆయన్ను ఎప్పుడో పంపాల్సింది. బీపీ దిగలేదని డాక్టర్ గోలీలు పెంచాడు. అయినా దిగకపోతే మళ్లీ పెంచాడు. అప్పుడు దారికొచ్చింది. పక్క మంచం రాజమల్లుది మరో చిక్కు. కొత్తవాడలో జంపఖానాలు నేసే మనిషి, జ్వరంతో చేరాడు. జ్వరం తగ్గింది గానీ లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. నీరసమని గ్లూకోజు ఎక్కించారు. అయినా రోజురోజుకూ ఎక్కువైందే తప్ప తగ్గలేదు. విసుగెత్తి ఇంట్లోవాళ్లు ఆ పొద్దున్నే రిక్షాలో తీసుకుపోయారు.

సిస్టర్ గోలీలిచ్చి వెళ్లింది. మొగిలయ్య భార్య సమ్మమ్మ ఆయన చేత మింగించి సంచి సర్దింది. కాసేపటికి బయల్దేరదామని లేచిన మొగిలయ్య లేచినట్టే కూలబడ్డాడు. డాక్టర్ పరుగున వచ్చి చూస్తే బీపీ అడుగంటింది. గుండె అనుకుని ఈసీజీ తీయించాడు. గుండె నిక్షేపంగా ఉంది. పొద్దున ఏం తిన్నాడని సమ్మమ్మను అడిగాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తప్పు నాదే సారూ. రోజూ సగం గోలీలు రాజమల్లన్నకు పెట్టి మింగేటోడు. ఇయ్యాల ఆయన లేకపాయె, ఒక్కడే మింగిండు. పక్కోనికి పెట్టకుంట తింటె ఒంటికి పడ్తదా?"

డాక్టర్ స్టూలు మీద కూర్చుండిపోయాడు. తాను రాసిన మోతాదు పూర్తిగా ముసలాయన కడుపులోకి పోవడం అదే మొదటిసారి. ఎట్లా ఉందని రోజూ అడిగాడు. గోలీలు ఎట్లా మింగుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. రాజమల్లేమో తనకు లేని బీపీకి వైద్యం చేయించుకున్నాడు పాపం.

"తప్పు నీది కాదమ్మా, నాది," అన్నాడు. సమ్మమ్మ నమ్మలేదు.

రాజమల్లు ఇంటికి పోయిన మర్నాడే మగ్గమెక్కాడు. దవాఖాన వదిలితేనే రోగం వదిలిందని వాడంతా చెప్పుకున్నారు. మొగిలయ్య మంచం దిగేసరికి మాత్రం తొట్టెల అయిపోయింది. డోర్నకల్ రైలు అందుకోవాల్సిన మేనత్త ఆయన కోసం ఆగలేక, తనకు తోచిన కమల అనే పేరు పిల్ల చెవిలో చెప్పేసింది. డాక్టర్‌కు ఆ బాధ చాలాకాలం పోలేదు. ఆ తర్వాత ఏ మంచం దగ్గరైనా, గోలీలు ఎవరు మింగుతున్నారో తెలుసుకోకుండా ఆయన మందు పెంచలేదు.

మొగిలయ్య మనుమరాలిని సారలమ్మా అనే పిలిచేవాడు. పిల్ల పలికేది కాదు.