స్టాకయ్య మిగల్చని పెయింటు

ఇలా దగ్గరికి జరగండి, కాళ్ళు చాపుకొని కూర్చోండి. ఒక్క బీరువాకు వేయాల్సిన రంగు ఎంత దూరం ప్రయాణం చేసిందో చెప్పుకుందాం.

ఆయన్ని వీధిలో అందరూ స్టాకయ్య అనేవారు. ముప్ఫై ఏళ్ళు ఒక గోదాములో స్టోర్‌కీపరుగా చేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన పెట్టిన రూలు ఒక్కటే: తెరిచిన డబ్బా సాయంత్రానికి ఖాళీ అయి తీరాలి. ఉద్యోగం ఆయన్ని వదిలింది గానీ ఆయన రూలును వదల్లేదు. అరిగిన సబ్బుముక్కను కొత్త సబ్బుకు అతికించి రుద్దుకొనే రకం.

ఆయన భార్య టైలరమ్మ. ఇరవై ఏళ్ళుగా మంచం పక్కన మిషను వేసుకొని చుట్టుపక్కల వాళ్ళ బట్టలు కుట్టింది. ఇక నలుగురికి నేర్పాలని ఆమె కోరిక. ఆ రోజు మూడింటికి ఐదుగురు ఆడవాళ్ళు వచ్చి చూస్తామన్నారు. నచ్చితే చేరతారు, లేదంటే వీధి చివర కుట్టు సెంటరుకు పోతారు. అక్కడ చేరడానికి అదే ఆఖరి రోజు. హాలు ఇమ్మంటే స్టాకయ్య టీవీ వైపు, తన పడక్కుర్చీ వైపు చూపించి, "అవెక్కడ పెట్టను, నీ నెత్తిమీదా?" అన్నాడు. చివరికి ఆమెకు దక్కింది సామాన్ల గది. మిషను, దారాలు అందులోకి చేర్చుకుంది. ఒక కిటికీ, ఒక ఫ్యాను, తుప్పు మరకల బీరువా. దానికి కాస్త రంగు పడితే గది కళకళలాడుతుందని ఆమె ఆశ. పెయింటరైన తమ్ముడు పొద్దున్నే వచ్చి వేసి పోతానన్నాడు.

"బ్రష్షుతోనా? ఏ కాలంలో ఉన్నాడు మీ తమ్ముడు?" అంటూ స్టాకయ్య కొత్త పెట్టె విప్పాడు. లోపల వైరు లేని స్ప్రేయరు, రెండు బ్యాటరీలు. దాన్ని తుపాకీలా పట్టుకొని అద్దం ముందు నిలబడి చూసుకున్నాడు కూడా.

తమ్ముడికి ఆమె ఫోను కలిపి ఇచ్చింది.

"బావా, రంగు పల్చటి గుడ్డలో వడగట్టండి. ముందు అట్టముక్క మీద కొట్టి చూడండి. జానెడు దూరంలో పట్టుకొని, చెయ్యి ఆపకుండా అడ్డంగా పోనివ్వండి. కిటికీ తెరవండి, ఫ్యాను ఆపండి. ముక్కుకు మాస్కు పెట్టుకోండి. పొయ్యి వెలిగించొద్దు. సామాను బయట పెట్టండి, కదలనిది కప్పండి."

"ఇంకా ఏమైనా ఉందా, పంతులుగారూ?"

"స్ప్రేయరు మూతి మూసుకుపోతే ముందు బ్యాటరీ పీకండి. ఆ తర్వాతే చెయ్యి పెట్టండి."

"నువ్వా నాకు చెప్పేది! లారీలకు లారీలు దింపించినవాణ్ణి!" అని ఆయన ఫోను పెట్టేశాడు. ఆ లారీల్లో ఒక్కదానికైనా రంగు వేశాడా అని అడిగినవాళ్ళు లేరు.

"ఏమండీ, వడగట్టరా?"

"వడగట్టడానికి ఇదేమైనా టీనా?"

"ఫ్యాను తిరుగుతోందండీ."

"తిరగనీ. ఉక్కపోతగా ఉంది, పైగా రంగు తొందరగా ఆరుతుంది. నువ్వు వాకిట్లో కూర్చో పో."

మిషను బయటికి మోద్దామంటే నడుం పట్టేస్తుందన్నాడు. ఆమె మిషను మీద, దారాల డబ్బా మీద దుప్పటి కప్పి, వచ్చేవాళ్ళకు చూపించాల్సిన చిన్న గౌన్లకు అంచులు మడుస్తూ వాకిట్లో కూర్చుంది. ఆమె అలా వెళ్ళగానే స్టాకయ్య మాస్కు కోసం వెతికాడు. కనపడలేదు. మిషను మీది దుప్పటి లాగి మొహానికి చుట్టుకున్నాడు.

ఐదు నిమిషాల్లో బీరువా నిగనిగలాడే ఆకుపచ్చ అయింది. మరీ మీదికెళ్ళి కొట్టాడేమో, ఆ నిగనిగ కాసేపటికి చారలుగా కారడం మొదలుపెట్టింది. అయినా అక్కడితో ఆపి స్ప్రేయరు కడిగేసుకుంటే గొడవే లేదు. కానీ స్ప్రేయరుకున్న కప్పులో రంగు మిగిలింది. పారబోయడమా! పక్కనే స్టూలు ఉంటే దానికి కొట్టాడు. ఇంకా మిగిలింది. బల్ల మొదలుపెట్టాడు. బల్ల సగంలో ఉండగా రంగు అయిపోయింది. సగం బల్ల ఏం బాగుంటుందని మళ్ళీ కప్పు నింపాడు. బల్ల అయింది, రంగు మిగిలింది. కిటికీ ఊచలు పట్టుకున్నాడు. ఊచలు సగంలో ఉండగా అయిపోయింది. రంగుకు వస్తువు చాలక, వస్తువుకు రంగు చాలక మనిషి గదిలో గిరగిరా తిరిగాడు. వైరైనా ఉంటే ఎక్కడో ఒకచోట కాలికి తగిలి ఆపేది.

"అయిందా అండీ?"

"అయిపోయింది, కాస్త మిగిలింది!"

అరగంటకు మళ్ళీ, "ఇప్పుడో?"

"కాస్త తక్కువైంది!"

రెండింటికి స్ప్రేయరు తుమ్మింది, దగ్గింది, ఆగింది. వడగట్టని రంగులోని ఉండ మూతికి అడ్డం పడింది. స్టాకయ్య బ్యాటరీ పీకలేదు. మీట నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచి, గోటితో గోకి, లోపలేముందోనని మొహం దగ్గర పెట్టుకొని చూశాడు. కళ్ళజోడు ఉండబట్టి కళ్ళు దక్కాయి. అద్దాలు రెండూ ఒక్క దెబ్బకు మూసుకుపోయాయి.

"ఒసేయ్, కరెంటు పోయిందే!" అని అరిచాడు.

టైలరమ్మ పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఫ్యాను నింపాదిగా తిరుగుతూ గది నిండా ఆకుపచ్చ మంచు పంచిపెడుతోంది. మిషను ఆకుపచ్చ. నలభై రంగుల దారాలు ఒకే రంగు. కొలత టేపు మీద అంకెలు లేవు.

"కరెంటుంది," అంది ఆమె. "లేనిది ఇంకోటి."

ఆయన కళ్ళజోడు తీసి చుట్టూ చూశాడు. "డబ్బా మాత్రం ఖాళీ అయిందే."

"డబ్బా కాదండీ. నా ఇరవై ఏళ్ళు ఖాళీ చేశారు." ఆమె తమ్ముడికి ఫోను చేసింది.

ఫోను అందుకొని తమ్ముడు పరుగున వచ్చాడు. ముందు ఫ్యాను ఆపాడు, బ్యాటరీ పీకాడు, ఆ తర్వాతే నోరు తెరిచాడు. "బావా, నేను చెప్పింది బీరువాకు. మీకు గదంతా బీరువాలా కనిపించిందా?"

ఆ గదిలో ఊపిరి పీల్చుకోలేరు. అక్కా తమ్ముడూ మిషనును హాల్లోకి మోసి, తడి ఆరకముందే కిరసనాయిలు గుడ్డతో తుడిచి, నూనె వేశారు. చక్రం రెండుసార్లు మూలిగి తిరిగింది. పడక్కుర్చీ గోడకు జరిగింది. అప్పటికి మూడైంది, ఐదుగురూ వచ్చేశారు.

"అబ్బ, ఎంత వెలుతురో!" అంది ఒకామె. ఇంకొకామె పడక్కుర్చీలో కూర్చొని, గౌను అంచు తిప్పి చూసి, "సెంటర్లో మోచేతులు తగులుతాయి తల్లీ. మేం ఇక్కడే చేరతాం," అంది. మూడో ఆమె ముక్కు ఎగబీల్చింది. "లోపల రంగు వేయిస్తున్నారా? ఎవరికి ఆ గది?"

టైలరమ్మ గుమ్మం వైపు చూసింది. అక్కడ స్టాకయ్య ఆకుపచ్చ చెవులతో నిలబడి ఉన్నాడు.

"మా ఆయనకండీ," అంది.

నాలుగో రోజుకు వాసన పోయింది. టీవీ, పడక్కుర్చీ, స్టాకయ్య మూడూ సామాన్ల గదికి మారాయి.

ఇది గుర్తుపెట్టుకొని, స్ప్రేయరు కొందామనుకొనే మగవాళ్ళకు చెప్పండి. కొనేసినవాళ్ళకు చెప్పి లాభం లేదు, వాళ్ళ భార్యలకు చెప్పండి.