ఎనిమిది సెకన్లలో తెలియజేయునది ఏమనగా

ప్రాంగణంలో ఏ ప్రమాదం జరిగినా ఇకపై ఎనిమిది సెకన్లలో పదకొండు వేల మందికి తెలుస్తుందని వైస్ చాన్సలర్ డాక్టర్ వీరసామి ప్రకటించారు. ప్రకటనకు గంటా నలభై నిమిషాలు పట్టింది.

కోవిల్‌పట్టి నుంచి విరుదునగర్ వెళ్లే రోడ్డు మీద ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో సైరన్ పెట్టి లాభం లేదు. ఏళాయిరంపన్నై వైపు ఫ్యాక్టరీల్లో రోజూ టపాసులు పేల్చి పరీక్షిస్తుంటారు. మోత విని ఎవరూ తల తిప్పరు. అందుకని ప్రమాదాన్ని అక్షరాల్లో చెప్పాలని నిర్ణయించారు. ప్రతి ఫోనుకూ నూట అరవై అక్షరాల సందేశం. దాన్ని పంపడానికి ఒక అద్దాల గది, అందులో వసంతకుమార్ అనే డైరెక్టర్.

టెలిఫోన్ ఆపరేటర్ గురువమ్మాళ్ చివరి వరుసలో కూర్చుని విన్నది. ప్రకటనలో చివరి అంశం ఆమెదే. కొత్త వ్యవస్థ వచ్చింది కాబట్టి ఆపరేటర్ పోస్టు నెలాఖరుకు రద్దు. పెన్షన్ రావాలంటే ఆమెకు ఇంకా రెండేళ్ల సర్వీసు కావాలి. ఉత్తర్వులన్నీ ఇకపై ఈ వ్యవస్థలోనే వస్తాయి, నోటి మాటా కాగితమూ చెల్లవు అని రిజిస్ట్రార్ ముత్తుకృష్ణన్ చేర్చారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె కూడా కొట్టింది.

మరునాడు ఆమె రిజిస్ట్రార్ గదిలో ఫోను లైను చూడటానికి వెళ్లినప్పుడు సందేశం నమూనా తెర మీద ఉంది. వసంతకుమార్ పక్కనే నిలబడి ఉన్నాడు.

‘మాన్యశ్రీ చాన్సలర్ గారి ఆశీస్సులతో, ప్రో-చాన్సలర్ గారి ఆదరణతో, విద్యాజ్యోతి, జ్ఞానసాగర డాక్టర్ వీరసామి గారి మార్గదర్శకత్వంలో, రిజిస్ట్రార్ గారు తెలుపునది ఏమనగా,’

“సార్, ఇందులో ప్రమాదం సంగతి లేదే?” అంది గురువమ్మాళ్.

“అది జరిగినప్పుడు కదమ్మా వేసేది,” అన్నారు రిజిస్ట్రార్.

“వేసేదానికి చోటేది సార్?”

వసంతకుమార్ లెక్కపెట్టాడు. నూట అరవై అక్కడికే సరిపోయాయి. “జ్ఞానసాగర తీసేస్తే ‘పరుగెత్తండి’ అని పడుతుంది సార్,” అన్నాడు.

“నువ్వెళ్లి ఆయన్ని అడుగుతావా?”

వసంతకుమార్ అడగనన్నాడు. ప్రమాదాన్ని రెండో సందేశంలో చెప్పాలని తీర్మానించారు. రెండో సందేశానికి వేరే అనుమతి కావాలి.

పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం పన్నెండుంబావుకు అమ్మాయిల హాస్టల్ మేట్రన్ కమలం ఫోన్ చేసింది. ఇద్దరివీ తెలుగు ఇళ్లే. ఆఫీసర్లు దగ్గర లేకపోతే తమిళం పక్కన పెట్టేస్తారు.

“అక్కో, నీళ్ల ట్యాంకు కాడ క్లోరిన్ సిలిండర్ లీకయిపోయె. పిల్లోళ్ళు దగ్గతా ఉండారు.”

“గాలి ఏ పక్క కొడతా ఉండాది?”

“మా మొగానికే. మేడ మీద నిరోషా అనే పిల్ల జొరంతో పండుకొని ఉండాది. ఏమి చేసేది?”

“ఉండు, అద్దాలోళ్ళకి చెప్తా.”

వసంతకుమార్ ఓపిగ్గా విన్నాడు. “మేట్రన్ చెబితే ఎలా అమ్మా? వార్డెన్ రాయాలి. డీన్ సంతకం పెట్టాలి. అప్పుడు నాకు రావాలి.”

“వార్డెన్ మదురైలో ఉంది సార్.”

“రానివ్వండి.”

గురువమ్మాళ్ ఆ లైను పెట్టేసి హాస్టల్ వెనక గేటు వాచ్‌మన్ తంగపాండికి చేసింది.

“అన్నా, తాళం తియ్యి. గ్యాసు వస్తా ఉండాది.”

“ఆర్డరు ఉండాదా?”

“తియ్యకుంటే రేపు పేపర్లో నీ ఫోటో ఉంటాది.”

తంగపాండి తాళం తీశాడు. తర్వాత ఆమె మెస్‌కు చేసింది, బస్ షెడ్డుకు చేసింది, ఫైరింజన్‌కు చేసింది, మళ్లీ కమలానికి చేసింది. “నిరోషాని ఇద్దరు మోసుకొని రండి. అందరినీ గాలి పోని పక్క మైదానానికి తోలుకొని పో.”

పన్నెండూ ఇరవయ్యారుకు మూడువందల పన్నెండు మంది అమ్మాయిలూ మైదానంలో ఉన్నారు. నిరోషా దుప్పటితో సహా ఉంది.

ఒంటి గంటా రెండు నిమిషాలకు సందేశం వచ్చింది. ఎనిమిది సెకన్లలోనే అందరికీ చేరింది. అందులో ఆశీస్సులు, ఆదరణ, మార్గదర్శకత్వం ఉన్నాయి. నాలుగు వేల మంది శుభాకాంక్షలు అని జవాబిచ్చారు. వైస్ చాన్సలర్‌కు ఏదో పదవి వచ్చిందనుకుని రెండు శాఖల వాళ్లు పూలదండలు పట్టుకొచ్చారు. ఆయన వేయించుకున్నారు.

విచారణ కమిటీ మూడుసార్లు కూర్చుంది. సందేశం కంటే ముప్పయ్యారు నిమిషాల ముందే విద్యార్థినులు బయటికి రావడాన్ని గమనించింది. సందేశం రాబోతున్నదన్న నమ్మకమే దీనికి కారణమని తేల్చింది. సెనేట్ డాక్టర్ వీరసామికి ‘ఆపత్కాల ప్రాణరక్షక చక్రవర్తి’ అనే బిరుదు ఇచ్చి, అన్ని సందేశాల్లోనూ వెంటనే చేర్చాలని ఆదేశించింది. అనుమతి లేకుండా ఫోన్లు చేసినందుకు గురువమ్మాళ్‌ను మందలించారు.

ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదింటికి ఆమె ఫోనుకు సందేశం వచ్చింది. ఆమె చదివి, ఫోను సంచిలో పెట్టుకుని, కోవిల్‌పట్టి బస్సెక్కింది.

ఒకటో తేదీ ఉదయం పదింటికి రిజిస్ట్రార్ వచ్చేసరికి ఆమె తన కుర్చీలో ఉంది.

“నువ్వింకా ఇక్కడే ఉన్నావేం? ఉత్తర్వు రాలేదా?”

“వచ్చింది సార్.”

ఫోను తీసి ఇచ్చింది. రిజిస్ట్రార్ కళ్లద్దాలు పెట్టుకుని చదివారు. ఆశీస్సులున్నాయి. ఆదరణ ఉంది. విద్యాజ్యోతి, జ్ఞానసాగర, చక్రవర్తి ఉన్నాయి. మార్గదర్శకత్వం తర్వాత ‘రిజి’ అని ఉంది.

“ఇంతేనా?”

“ఇంతే వచ్చింది సార్.”

ఆయన కిందికి జరిపి చూశారు. ఇంకేమీ లేదు. చుట్టూ చూశారు. వసంతకుమార్ తన అద్దాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

రిజిస్ట్రార్ ఫోను తిరిగి ఇచ్చారు. “వైస్ చాన్సలర్ గారికి లైను కలుపమ్మా,” అన్నారు.

గురువమ్మాళ్ కలిపింది.