గోడమీది మొదటి భార్య

మనిషి పోయాడంటే ఈ ప్రపంచంలో ప్రతి ఆఫీసూ కూర్చున్న కుర్చీలోంచి లేవకుండానే నమ్ముతుంది. బతికి ఉన్నాడంటే మాత్రం ఒక్కటీ నమ్మదు. ఇది నేను నా పింఛను పుణ్యమా అని పదకొండేళ్ళుగా, ఏడాదికోసారి, బొటనవేలి సాక్షిగా కనిపెట్టిన సత్యం. (నిరుడు ఆ వేలిముద్రల యంత్రం నా వేలిని గుర్తుపట్టలేదు. వెనక నిలబడ్డాయన వేలు పెడితే నన్ను గుర్తుపట్టింది. ఇద్దరం సర్దుకుపోయాం.) అయితే పింఛనుదార్ల కష్టాన్ని మించిన కష్టం ఒకటుందనీ, అది టీవీ సీరియల్లో పోయినవాళ్ళ కష్టమనీ మా మనవరాలి వల్ల తెలిసింది.

మా మనవరాలు మోడలు. ఈ ఉద్యోగంలో మనిషి ఒక్కసారిగా కనపడకూడదు, విడతలవారీగా కనపడాలి. మొదటి ఏడాది కాళ్ళ పగుళ్ళ మలాం యాడ్‌లో ఆమె ఎడమ మడమ కనిపించింది. (కుడి మడమ ఇంకో అమ్మాయిది. ఆవిడ సీనియరు.) రెండో ఏడు మోచెయ్యి. మూడో ఏడు షాంపూ యాడ్‌లో వెనకనుంచి జుట్టు. ఆ మడమ వచ్చినప్పుడల్లా మా కోడలు చేస్తున్న పని వదిలేసి పక్కింటివాళ్ళని కేకేసేది.

"అదిగో, అదిగో, మా పిల్లే!"

"ఆ మడమ నా పోలిక" అని నేను అనేవాణ్ణి. కాదనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. కాదనాలంటే నా మడమ చూడాలి మరి.

తర్వాత ఫ్యాషన్ షోలు. అక్కడ నడిచేటప్పుడు నవ్వకూడదు. నవ్వితే బట్టల విలువ పడిపోతుందట. మా పిల్ల నవ్వకుండా ఎంత బాగా నడిచిందంటే, ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దమనిషి గబుక్కున లేచి, చేతులు జోడించి, క్షమించమన్నాడు. దేనికో ఆయనకీ తెలియదు. పక్కనున్న భార్యకి మాత్రం తెలిసినట్టే కనిపించింది.

ఆ ముఖమే సీరియల్ డైరెక్టరుగారి కంటబడింది. ఆయన కథలో హీరోకి మొదటి భార్య పోయింది. గోడమీద ఆవిడ ఫోటో ఉండాలి. ఆ ఫోటో నవ్వితే రెండో భార్యకి అవమానం, ఏడిస్తే మొగుడికి అవమానం. ఏ పనీ చెయ్యని ముఖం కోసం ఆయన ఆరునెలలుగా కాళ్ళరిగేలా తిరుగుతున్నాడట.

"తాతా, నాకు సీరియల్లో వేషం వచ్చింది!"

"ఏం వేషమే?"

"హీరో పెళ్ళాం."

"మాటలున్నాయా?"

"పోయిందిలే ఆవిడ."

"అయ్యో. ఎలా పోయింది?"

"కథ మొదలవకముందే పోయింది తాతా. ఎలాగన్నది వాళ్ళింకా రాసుకోలేదు."

గోడమీద ఫోటో ఉండగా మనిషితో పనేమిటని మీరడగొచ్చు. నేనూ అడిగాను. విషయం ఏమిటంటే, హీరో ఫోటోని చూసి ఏడ్చేటప్పుడు ఫోటో ఉన్న చోట కెమెరా ఉంటుంది. కెమెరాని చూసి ఏ మగాడూ ఏడవలేడు. కాబట్టి కెమెరా పక్కన ఒక స్టూలు వేసి, దానిమీద మా పిల్లని నిలబెడతారు. ఆయన ఆమెవైపు చూస్తూ ఏడుస్తాడు. ఉదయం తొమ్మిదినుంచి సాయంత్రం ఆరుదాకా ఉద్యోగం అదీ. రెప్ప వెయ్యకూడదు. వేస్తే ఆయనకి కన్నీళ్ళు వెనక్కి పోతాయట.

అలా నాలుగేళ్ళు, తొమ్మిది వందల ఎపిసోడ్లు. ఆ హీరో రెండో పెళ్ళి చేసుకున్నాడు, జబ్బుపడ్డాడు, లేచాడు, ఆస్తి పోగొట్టుకున్నాడు, మళ్ళీ రాబట్టుకున్నాడు. ఏది జరిగినా వచ్చి ఫోటోకి చెప్పేవాడు. చూస్తూ చూస్తూ జనానికి ఆ ఇంట్లో అందరికన్నా ఫోటోమీదే ప్రేమ పెరిగింది. పెరగదూ? ఆ కొంపలో ఎవరిమీదా అరవనిది ఆవిడొక్కతే.

దాంతో మా పిల్లకి పేరు వచ్చింది. పేరంటే అలాంటిలాంటిది కాదు. బస్సెక్కితే ఆడవాళ్ళు లేచి నిలబడేవాళ్ళు. "కూర్చో తల్లీ. ఎక్కడున్నా సుఖంగా ఉండు" అని ఒకావిడ తల నిమిరిందట. కండక్టరు టికెట్టు కొట్టలేదు. పోయినవాళ్ళకి ఎంత కొట్టాలో ఆయన పుస్తకంలో లేదు.

ఇలా ఉండగా ఒక సబ్బు యాడ్ వచ్చింది. మడమ కాదు, మోచెయ్యి కాదు. మొత్తం ముఖం. పైగా ఒక వాక్యం పలకాలి: "మళ్ళీ పుట్టినట్టుంది!"

ఆ వాక్యాన్ని ఆమె వంటింట్లో పలికింది, మెట్లమీద పలికింది, అద్దం ముందు పదహారు రకాలుగా పలికింది. పదిహేడో రకం నాకు నచ్చిందని చెబితే మళ్ళీ మొదటినుంచీ మొదలెట్టింది.

"ఏమే, ఒక్క ముక్కకి ఇంత హడావిడా?"

"నాలుగేళ్ళుగా కోట్లమంది నన్ను చూస్తున్నారు తాతా. ఒక్కళ్ళు నా గొంతు వినలేదు. ఒక్క వాక్యం. అంతే. వింటే చాలు."

నేను వేళాకోళం ఆపేశాను. (నా చరిత్రలో ఇది రెండోసారి.)

మర్నాడు సబ్బువాళ్ళ మనిషి ఫోన్ చేశాడు. చాలా మర్యాదస్తుడు. ముందు సంతాపం తెలిపి ఆ తర్వాత మాట్లాడాడు. ప్రకటనల మర్యాద మండలి నియమం పద్నాలుగు ప్రకారం, టీవీలో పోయినవాళ్ళు స్నానానికీ, టిఫినుకీ, ప్రయాణానికీ సంబంధించిన యాడ్లలో కనపడరాదట. జనం జడుసుకుంటారు. (జీవితబీమాకి మినహాయింపు ఉంది. అక్కడ అనుభవజ్ఞులకే మొదటి అవకాశం.) కాబట్టి ముప్పై రోజుల్లోగా సజీవ నిర్ధారణ పత్రం తెచ్చుకోవాలి. తేలేకపోతే ఆ యాడ్ వేరే ముఖానికి వెళ్ళిపోతుంది.

"నువ్వు బెంగపడకే. ఈ విద్యలో నన్ను మించినవాడు లేడు" అని మా పిల్లని వెంటబెట్టుకుని సజీవ నిర్ధారణ ఆఫీసుకి వెళ్ళాను.

అక్కడ మూడు కౌంటర్లున్నాయి. మొదటిది సీరియల్లో పోయినవాళ్ళకి. రెండోది కోమాలో ఉన్నవాళ్ళకి. వాళ్ళ తరఫున బంధువులు నిలబడొచ్చు. మూడోది గతం మరిచిపోయినవాళ్ళకి. ఆ కౌంటరు ఎప్పుడూ ఖాళీ, తమది ఏ కౌంటరో వాళ్ళకి గుర్తుండదు కాబట్టి. మా వరసలో ముందు ఒక మామగారి పాత్ర, ఆయన ముందు లారీ కింద పడిన ఇద్దరు అన్నదమ్ములు కబుర్లు చెప్పుకుంటున్నారు.

మా వంతు వచ్చింది. గుమస్తా తలెత్తి చూసి, లేచి నిలబడి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరంటే మా ఇంటిల్లిపాదికీ ప్రాణం అమ్మా. మీకలా జరగాల్సింది కాదు."

"నాకేం జరగలేదండీ. బతికే ఉన్నాను" అంది మా పిల్ల.

"ఆ మాట మీరే అంటే ఎలాగమ్మా? మీకు స్వార్థం ఉంటుంది కదా."

నేను ముందుకొచ్చాను. "నేను చెబుతున్నాను కదయ్యా. ఈమె తాతని. పుట్టిన రోజునుంచీ ఎరుగుదును."

"సంతోషం పెద్దాయనా. మీరు బతికున్నట్టు కాగితం ఉందా?"

ఉంది! జేబులోనే ఉంది. అలాంటి కాగితం లేకుండా నేను గడప దాటను. దర్జాగా తీసి ఇచ్చాను. ఆయన వెలుతురుకి పెట్టి చూసి, జాగ్రత్తగా మడిచి తిరిగి ఇచ్చాడు.

"దీని గడువు నిన్నటితో అయిపోయింది. ప్రస్తుతానికి మీ సాక్ష్యం చెల్లదు. కూర్చోండి, మీరు నిలబడకూడదు."

చివరికి మా పిల్ల అర్జీ తీసుకుని తేల్చింది ఏమిటంటే, ఆవిణ్ణి పోగొట్టింది కథావిభాగం కనక, బతికినట్టు లేఖ కూడా కథావిభాగమే ఇవ్వాలి.

ఆ లేఖ కోసం సెట్‌కి వెళితే డైరెక్టరుగారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు. (నాలుగేళ్ళలో మా పిల్ల ఆ సెట్లో కూర్చోవడం అదే మొదలు.)

"నిన్ను బతికించడం నా చేతిలో లేదమ్మా, ప్రేక్షకుల చేతిలో ఉంది. రెండో భార్య అరుస్తున్నంతకాలం రేటింగ్ బ్రహ్మాండంగా ఉంటుంది. అప్పటిదాకా నీకు బతికే అవసరం రాదు."

"ఆవిడ అరవకపోతేనో?" అన్నాను.

"అబ్బే, అరవకుండా ఎలా ఉంటుంది సార్?"

దైవం నా మాట విన్నట్టుంది. ఆ వారమే రెండో భార్య గొంతు పోయింది. పదిహేను రోజులు నోరు మెదపొద్దని డాక్టరు చెప్పాడు. ఆ ఇల్లు నిశ్శబ్దమైపోయింది. జనం తమ టీవీలు చెడిపోయాయనుకుని రిపేరు షాపులకి ఎత్తుకెళ్ళారు. రేటింగు పాతాళానికి పడింది. కథావిభాగం రెండు రోజులు తలుపులేసుకుని ఆలోచించి, మొదటి భార్య సోమవారం బతుకుతుందని ప్రకటించింది. అడిగినవాళ్ళకి ఒకటే జవాబు: ఆవిడ పోవడం ఎవరైనా చూశారా?

మా ఇంట్లో సంబరం చెప్పనలవి కాదు. మా కోడలు వీధిచివరిదాకా వెళ్ళి, "మా అమ్మాయి బతికింది వదినా!" అని చెప్పి వచ్చింది. ఆ సాయంత్రమే స్టూడియోనుంచి కబురొచ్చింది: ఆడిషన్‌కి రావాలి.

"ఆడిషనేమిటండీ? ఆవిడ నేనే కదా?" అంది మా పిల్ల ఫోన్‌లో.

"మీది వేలాడే పాత్రమ్మా. ఇది నడిచే పాత్ర. రెండూ వేరు."

ఆడిషన్‌కి నలభై ఒక్కమంది అమ్మాయిలు వచ్చారు. నలభైమంది ఆ ఫోటో చేత్తో పట్టుకుని, దాన్ని చూపించి మేకప్పు చేయించుకుని మరీ వచ్చారు. మా పిల్లొక్కతే వట్టి చేతులతో, తన ముఖంతో వెళ్ళింది. తెలివితక్కువ పని.

ముగ్గురు న్యాయనిర్ణేతలు కూర్చున్నారు. మొదటివాడు భూతద్దం పెట్టి పోలిక చూశాడు.

"ఫోటోలో కళ్ళకింద ఈ గీతలు లేవే?"

"నాలుగేళ్ళు లైట్ల ముందు రెప్ప వెయ్యకుండా నిలబడ్డానండీ, ఆ ఫోటో బదులు."

"అది మీ వ్యక్తిగత విషయం" అని ఐదు మార్కులు కొట్టేశాడు.

రెండోవాడు హీరోని అడిగాడు. ఆయన నిజాయితీపరుడు. "నేనెప్పుడూ ఆవిడ ముఖం చూడలేదండీ. కంట్లో గ్లిజరిన్ వేసుకుంటే అంతా మసకే. ఎవరైనా నాకొకటే" అన్నాడు.

మూడో ఆమె గొంతు పరీక్ష చేసే అధికారిణి. ఏదైనా పలకమంది. మా పిల్ల చేతులు జారవిడిచి పలికింది: "మళ్ళీ పుట్టినట్టుంది."

అది పదహారు రకాల్లో ఏదీ కాదు, పదిహేడోది కూడా కాదు. గుమ్మం దగ్గర కూర్చున్న నేను కండువాతో ముఖం తుడుచుకున్నాను. (అక్కడ దుమ్ము ఎక్కువ.)

"గొంతు చాలా బాగుందమ్మా. కానీ ఆవిడది కాదు" అంది అధికారిణి.

"ఆవిడ గొంతు ఎవరు విన్నారండీ?"

"ఎవరూ వినలేదు. అందుకే ఎలా ఉంటుందో అందరికీ తెలుసు. మేం సర్వే చేశాం."

ఫలితాలు తలుపుకి అంటించారు. తనలా ఉండే పోటీలో మా మనవరాలికి నాలుగో స్థానం వచ్చింది. పదిహేడో నంబరు అమ్మాయికి మొదటి స్థానం. ఆమె రెప్ప వెయ్యలేదు, కళ్ళకింద గీతలు లేవు, గొంతు సర్వేలో చెప్పినట్టే ఉంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా పిల్ల కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. నేను నా గొడుగుని తెరిచి మూసి, తెరిచి మూసి, ముందు సీటాయన చేత తిట్లు తిన్నాను. అప్పుడు నవ్వింది.

"నలభై ఒక్కమందిలో నాలుగు, తాతా. ముప్పై ఏడుమందికన్నా నేనే ఎక్కువ నేను."

"అదేం చిన్న విషయమే? నేనైతే పదిలో కూడా ఉండేవాణ్ణి కాదు."

సోమవారం మొదటి భార్య బతికింది. పదిహేడో నంబరు అమ్మాయి గుమ్మంలో నిలబడగానే జనం టీవీలకి దిష్టి తీసినంత పనిచేశారట. ఫోటో అవసరం తీరిపోయింది కాబట్టి గోడమీదనుంచి దించి పాత పేపర్లో చుట్టి మా ఇంటికి పంపించారు. సబ్బువాళ్ళ మనిషి మళ్ళీ మర్యాదగా ఫోన్ చేశాడు. వాళ్ళకి కావలసింది మొదటి భార్య అట. ఆవిడ ఇప్పుడు వేరేచోట బతికి ఉంది కదా, నియమం పద్నాలుగుతో పేచీ కూడా ఉండదట. ఆ యాడ్ మేమందరం చూశాం. ఆ అమ్మాయి వాక్యం తప్పులేకుండా పలికింది. మా కోడలు లేచి, టీవీ కట్టేసి, లోపలికి వెళ్ళిపోయింది.

ఇరవై తొమ్మిదో రోజున సజీవ నిర్ధారణ ఆఫీసునుంచి కవరు వచ్చింది. అంత త్వరగా వచ్చిన ప్రభుత్వ కాగితం నా జీవితంలో చూడలేదు. మా పిల్లే చించి, పైకి చదివింది:

"సదరు పాత్ర గత సోమవారం నుంచి వేరొకరి దేహమందు బతికియున్నందున, అర్జీదారు ఎన్నడైనా మరణించినట్లు భావించుటకు ఇక ఆధారము లేదు. కావున అర్జీదారు సజీవురాలని ఇందుమూలముగా నిర్ధారించడమైనది."

సంతకం ఉంది. గుండ్రటి ముద్ర ఉంది. తప్పు పట్టడానికి వీల్లేని కాగితం. అడుగున 'ఈ సంగతి తెలియజేయవలసిన వారు' అని గీత గీసి వదిలిన చోట, మన గుమస్తాగారే కాబోలు, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపారు: ఎవరూ లేరు.