ఏటవాలులో పన్నెండు బల్లలు

ఒక పెద్ద అడవిలో అనగానే సింహం ఏలుతోంది కాబోలు అనుకునేరు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడక్కడ ఏలేది పాలకమండలి. దానికి అధ్యక్షుడు నక్క జంబులింగం.

ఆ అడవిలో ఎలుగుబంటి చిట్టెమ్మ ఉండేది. పేరుకే చిట్టెమ్మ, ఒళ్లు మాత్రం వడ్ల గాదె. పైగా అరిగిన మోకాళ్లు. గుట్ట మీది గుహలో ఆవిడ అక్క ఏడాదిగా లేవలేక పడి ఉంది. రోజూ వాగులో సొరకాయబుర్ర నింపుకుని, గుట్టెక్కి, అక్క గొంతు తడిపేది చిట్టెమ్మే. సగం దారికొచ్చేసరికి కాళ్లు వణికి సగం నీళ్లు ఒలికిపోయేవి. ఆ మిగిలినవాటితోనే అక్క రోజంతా సరిపెట్టుకునేది. అది తలుచుకుంటే చిట్టెమ్మకి ఏడుపొచ్చేది.

"గుట్ట ఏటవాలులో ఒక్క బల్ల వేయించండి బాబూ. కింద కూలబడితే మళ్లీ లేవలేను," అని అర్జీ పెట్టుకుంది.

"ఒకటేం ఖర్మ, పన్నెండు వేయిద్దాం. కాకపోతే పద్ధతి ప్రకారం," అన్నాడు జంబులింగం.

పద్ధతంటే సర్వే. ఆ పని కొంగ కొండలరావుకి అప్పజెప్పారు. బుద్ధెరిగాక అతను ఏనాడూ కూర్చున్న పాపాన పోలేదు కాబట్టి పక్షపాతం ఉండదని మండలి నమ్మకం. ఎక్కడ ఎందరు కూర్చుంటున్నారో మూడు రోజులు ఒంటికాలి మీద నిలబడి రాసుకున్నాడు. ఏటవాలు దగ్గర సున్నా చుట్టాడు.

"నేను కనబడటం లేదా నాయనా?" అంది చిట్టెమ్మ రొప్పుతూ.

"కనబడుతున్నారు మామ్మగారూ. కానీ మీరు కూర్చోలేదుగా."

"కూర్చోడానికేదీ లేకే కదయ్యా!"

"నిలబడి రొప్పేవాళ్లకి ఈ ఫారంలో గడి లేదండీ," అన్నాడు కొండలరావు, నిజంగానే నొచ్చుకుంటూ.

అన్నిచోట్లకంటే ఎక్కువమంది కూర్చుంటున్నది మండలి కచేరీ ముందే అని తేలింది. నలభైమంది నేల మీద, అర్జీలు పట్టుకుని. ఇంకేం, పన్నెండు బల్లలూ అక్కడే వేశారు. జంబులింగం రిబ్బను కొరికి ప్రారంభించాడు.

ఇక్కడే కొంప మునిగింది. కచేరీలో అనాదిగా ఒకటే మాట: "రేపు రా." ఎండకీ చీమలకీ తాళలేక జనం మధ్యాహ్నానికల్లా ఇళ్లకి పోయేవారు. ఆ "రేపు" మీదే మండలి ఇన్నాళ్లూ చల్లగా బతికింది.

మర్నాడు పొద్దున్నే చిట్టెమ్మ ఖాళీ సొరకాయబుర్రతో వచ్చింది. "నా బల్లేదీ బాబూ?"

"రేపు రండి," అన్నాడు జంబులింగం అలవాటు కొద్దీ.

చిట్టెమ్మ గుమ్మానికి అడ్డంగా ఉన్న బల్ల మీద కూర్చుంది. అబ్బ, మోకాళ్లకి ప్రాణం లేచొచ్చింది. అక్క దాహంతో ఎదురుచూస్తుంటుందని గుండె పీకుతూనే ఉంది. అయినా కదల్లేదు. "రేపటిదాకా ఇక్కడే ఉంటాలే నాయనా. కూర్చోడానికి భేషుగ్గా ఉంది."

"మేమూ అంతే," అంది పక్కబల్ల మీద అడవిపంది. నలభైమందీ సర్దుకుని కూర్చున్నారు.

మిట్టమధ్యాహ్నమైంది. జంబులింగం భోజనానికి వెళ్దామంటే దారి లేదు. గుమ్మంలోకొస్తే చాలు, నలభై అర్జీలు మూతికి తగులుతున్నాయి. గత్యంతరం లేక రెండు చదివాడు. పదవిలోకొచ్చాక అర్జీ చదవడం అదే మొదలు, పాపం కళ్లు తిరిగాయి.

"ఈ బల్లలు తీసుకెళ్లి ఎవరూ కూర్చోని చోట పారెయ్యండి!" అని లోపల్నుంచి కేకేశాడు. "అలాంటి చోటెక్కడుందో చూడు కొండలరావూ."

కొండలరావు పుస్తకం తిరగేశాడు. "ఏటవాలండీ. మూడు రోజులూ సున్నాయే."

బల్లలు మోయడానికి ఏనుగులొచ్చాయి. అందరూ లేచారు, చిట్టెమ్మ తప్ప. లేపే ఓపిక ఎవరికీ లేక బల్లతోపాటే ఆవిడనీ ఎత్తుకున్నాయి. వాగు దాటేటప్పుడు "కాస్త ఆగండి నాయనా," అని వంగి బుర్ర నింపుకుంది.

ఏటవాలులో పన్నెండు బల్లలూ వరసగా దింపేసి పోయాయి ఏనుగులు. చిట్టెమ్మ తీరిగ్గా అలుపు తీర్చుకుని మిగతా గుట్ట ఎక్కింది. చుక్క ఒలకలేదు.

అక్క గటగటా తాగి, మూతి తుడుచుకుని, బుర్రలోకి తొంగి చూసింది. ఇంకా నీళ్లున్నాయి. "ఏమే, వాగు ఇవాళ మనకి దగ్గరగా జరిగిందా?" అంది.

నీతి: ఏలినవారిని బల్ల వేయమని అడక్కు, వాళ్ల గుమ్మానికి అడ్డంగా కూర్చో, పీడ విరగడైతే చాలని వాళ్లే నీ దారికి మోసుకొచ్చి పడేస్తారు.