తువ్వాలు కింద రెండు పెట్టెలు

తమ్ముడి బ్యాగులో ఉన్ని మేజోళ్ళు కుక్కుతూ అక్క ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా చిన్నది: టిఫిను కాగానే పాట రికార్డు చేసెయ్యాలి, మధ్యాహ్నం వాడికి కడుపునిండా భోజనం పెట్టాలి, సాయంత్రం రైలెక్కించాలి. తమ్ముడు డ్రమ్ములు వాయిస్తాడు. ఓడ మీద వాయించే బృందంలో చేరబోతున్నాడు. ఎనిమిది నెలలదాకా రాడు. అక్క సంగీతం పాఠాలు చెబుతుంది. చిన్నప్పటినుంచీ ఒకరు పాడితే ఒకరు వాయించినవాళ్ళే గాని, ఇద్దరూ కలిసిన పాట ఒక్కటీ ఎక్కడా దాచి లేదు. వాడు గడప దాటేలోగా ఒక్కటైనా దక్కించుకోవాలని ఆవిడ ఆరాటం.

వెనక గదిని స్టూడియోగా మార్చుకున్న అల్లుడు మాత్రం తెల్లారేసరికి బల్ల మీద రెండు ఇనప పెట్టెలు పెట్టుకుని కూచున్నాడు. రెండూ కంప్రెసర్లేనట. వాడి చూడమని దుకాణంవాడు ఇచ్చాడట.

"ఏం చేస్తాయి నాయనా ఇవి?"

"గొంతు ఒక్కసారిగా పైకి లేచినప్పుడు కాస్త కిందికి నొక్కుతాయి అత్తయ్యగారూ. మీరు పై స్థాయికి వెళ్తే మీటరు ముల్లు ఎర్రగీత దాటేస్తోంది."

అక్క చేతిలో మేజోడు ఆగిపోయింది. ఊరందరి పిల్లలకూ స్వరం దిద్దిన గొంతు అది! "నా గొంతు నొక్కడానికి యంత్రమా? మీ మామగారి వల్లే కాలేదు, ఈ రేకుడబ్బా వల్లవుతుందా?"

తమ్ముడు పకపకా నవ్వాడు. గొడవకి అదే మొదలు.

అల్లుడు ఓపికగా చెప్పుకొచ్చాడు. ఎడమ పెట్టె నిదానస్తురాలు. మెల్లగా పట్టుకుని మెల్లగా వదులుతుంది, గొంతుకి బాగుంటుంది. కుడిది చురుకైనది, కర్ర పడీపడగానే పట్టేస్తుంది, డ్రమ్ములకి బాగుంటుంది. కొనగలిగేది మాత్రం ఒక్కటే. రెంటికీ దాన్నే వాడుకోవాలి.

"ఇంకేం, ఎడమది," అంది అక్క.

"కుడిది," అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, పాటన్నాక వినేది గొంతు. నీ దబదబలు యంత్రం లేకపోయినా నాలుగు వీధుల అవతలికి వినపడతాయి."

"ఆ దబదబలే లేకపోతే నీ తాళం ఏ చెట్టెక్కి కూచునేదో నాకు తెలుసులే."

"బకెట్టు బోర్లించి నీకు తాళం నేర్పిందెవర్రా?"

"బకెట్టు నాది."

తగువు తీర్చడానికి అల్లుడు ఒక ఉపాయం చెప్పాడు. నిన్న విడివిడిగా రికార్డు చేసి ఉంచిన చరణాన్నీ, డ్రమ్ముల ముక్కనీ ఒక్కో పెట్టెలోంచి పోనిచ్చి వినిపిస్తాడు. పెట్టెల మీద తువ్వాలు కప్పుతాడు. "ఒకటి", "రెండు" అనడమే తప్ప ఏది ఏదో చెప్పడు. చెవులకి నచ్చిందే ఉంచుకోవడం.

న్యాయానికి ఆ ఇంట్లో ఆయుష్షు తక్కువ. మొగుడి పక్కనే నిలబడి చూస్తూ, ఎడమ పెట్టె మోగినప్పుడల్లా దగ్గుతానని కూతురు వంటింట్లోనే తల్లికి మాటిచ్చేసింది. తమ్ముడేమో, అల్లుడి చెయ్యి ఎటు పోతోందో కిటికీ అద్దంలో కనబడే కుర్చీ వెతుక్కుని మరీ కూచున్నాడు.

"ఒకటి," అన్నాడు అల్లుడు. కూతురు దగ్గింది.

అక్క కళ్ళు మూసుకుంది. "ఆహా! వెన్నలో వేలు పెట్టినట్టుంది."

"నాకు గోనెసంచిలో డ్రమ్ములు కట్టి కొట్టినట్టుంది," అన్నాడు తమ్ముడు.

"రెండు." దగ్గు లేదు.

"ఛీ! ఇది నా గొంతా? పీక పిసికిన మేకపిల్లా?"

"ఇదీ దెబ్బంటే! సరిగ్గా గుండె మీద పడింది."

మళ్ళీ వినిపించాడు. మళ్ళీ అవే వెన్న, గోనెసంచి, మేకపిల్ల. మధ్యాహ్నమైంది. గిన్నెల మీద మూత తీసిన దిక్కులేదు. మాట మీద మాట పెరిగి అక్క పెళ్ళినాడు తమ్ముడు ఆలస్యంగా రావడందాకా పోయింది. "పోనీ..." అని నోరు తెరిచిన పాపానికి అల్లుణ్ణి ఇద్దరూ కలిసి కసిరారు. తమ్ముడు విసవిసా వెళ్ళి, "నువ్వు సర్దినవి నాకేం అక్కర్లేదు" అంటూ మేజోళ్ళు తీసి మంచం మీద పారేశాడు. అక్క వాటిని రెట్టింపు కోపంతో తిరిగి కుక్కింది.

దగ్గీ దగ్గీ నిజంగానే గొంతు పట్టేసిన కూతురు చివరికి విసుగెత్తి తువ్వాలు లాగేసింది. "ఏమండీ, వీటికి దీపాలు వెలగడం లేదేం?"

అల్లుడు వంగి చూశాడు. మొహం పాలిపోయింది. "బైపాస్ మీటలు వేసే ఉన్నాయి."

"అంటే?"

"అంటే... పొద్దున్నించీ శబ్దం పెట్టెల లోపలికి వెళ్ళనే లేదు అత్తయ్యగారూ. పక్కనుంచి పోయింది. ఒకటీ రెండూ ఒకటే. మీరు విన్నది ఉత్త మీ గొంతే."

కూతురు తువ్వాలు మళ్ళీ పెట్టెల మీద కప్పేసింది.

"అయితే ఆ మేకపిల్ల?" అన్నాడు తమ్ముడు మెల్లగా.

"నేనేరా," అంది అక్క. "మరి ఆ గోనెసంచి?"

"నేనే."

ఇద్దరూ ఒక్కసారే అల్లుడి వైపు తిరిగారు. ఆ క్షణంలో అతన్ని కాపాడింది స్టేషనుకి పిలిచిన టాక్సీ హారను.

"అయ్యో, పాట!" అంది అక్క.

తమ్ముడు చెప్పులు తొడుక్కున్నవాడు తొడుక్కున్నట్టే డ్రమ్ముల ముందు కూలబడ్డాడు. ఏ పెట్టే లేదు. రెండు మైకులు, పొద్దున్నించీ పోగైన ఒళ్ళుమంట. ఆవిడ వాడి మీద కోపంతో పాడింది, వాడు ఆవిడ మీద కోపంతో వాయించాడు. ఆ పాట అంత బాగా ఎన్నడూ రాలేదు. చివరి చరణంలో అక్క పైకెక్కింది, వాడు బలంకొద్దీ డ్రమ్ముల పక్కనున్న ఇత్తడి పళ్ళెం మీద కొట్టాడు. ముల్లు ఎర్రగీతకి కొట్టుకుని ఆగిపోయింది. ఆఖరి మాట డ్రమ్ముల హోరులో పగిలి ముక్కలైంది.

"పాడుచేశావు కదరా!"

"ఎనిమిది నెల్లేగా అక్కా. వచ్చాక సరిగ్గా వాయిస్తా."

"ముందు ఆ చెయ్యి తగ్గించడం నేర్చుకుని రా!" అని ఆవిడ మెట్ల మీంచి టాక్సీ మలుపు తిరిగేదాకా అరుస్తూనే ఉంది.

ఆ వారంలోనే అల్లుడు రెండు పెట్టెలూ తిరిగిచ్చేసి, గొంతుకీ డ్రమ్ములకీ పనికొచ్చే మూడోది తెచ్చాడు. అక్క దాని ముందు నిలబడి పాడి చూసుకుంది; నొక్కితే నొక్కనీ, పరవాలేదంది. తమ్ముడు తిరిగి రాలేదు. ఒప్పందం ముగియడానికి మూడు వారాల ముందు, ఏప్రిల్‌లో, ఓడ మీదే పోయాడు.