పద్నాలుగో హోల్ దగ్గర తెల్ల కర్రలు

ఆ బుధవారం పొద్దున లాక్లన్ గెడ్డెస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఓట్స్ జావ తాగి, కిన్‌బ్రే గోల్ఫ్ మైదానానికి వెళ్లి, పద్నాలుగో హోల్ పక్కన కత్తిరించిన గడ్డి ఆగిపోయి పొడుగు గడ్డి మొదలయ్యే అంచు ఎలా వంపు తిరిగిందో చూసుకుని, మధ్యాహ్న భోజనానికి ఇంటికి రావడం. అంతే.

రెండేళ్లుగా అతను తమ ఊరి మైదానాన్ని ఒక వీడియో గేమ్‌లో కడుతున్నాడు. ఆ గేమ్‌లో ఎవరి మైదానం వాళ్లు కట్టుకోవచ్చు. తక్కినవాళ్లు వారంలో కట్టేసి ఆడుకుంటారు. లాక్లన్ అలాంటివాడు కాదు. నాలుగో హోల్ దగ్గరి బెంచీకి ఒక చెక్క ఊడి ఉంటే, గేమ్‌లోనూ ఊడింది. ఏడో హోల్ పక్క రాతిగోడకి పాచి ఉత్తరం వైపే పడుతుందని గమనించి, ఆ పాచికే ఒక చలికాలమంతా ధారపోశాడు. దాన్ని ఎవరూ చూడరని అతనికీ తెలుసు. చూడకపోతే నష్టం వాళ్లకేనని అతని నమ్మకం.

ఇవాళ సాయంత్రమే పరీక్ష. క్లబ్బులోని పెద్ద టీవీ మీద కెప్టెన్ ఎల్స్‌పెత్ రెన్నీ దాన్ని చూడబోతోంది. "మన మైదానానికీ దానికీ ఒక్క తేడా కనిపించినా క్లబ్బు పేరు పెట్టనివ్వను" అని ముందే చెప్పేసింది. పేరు లేకపోతే అది సముద్రం ఒడ్డున ఏదో ఒక మైదానమే అవుతుంది. లాక్లన్ ఒక కర్రల కట్ట చంకన పెట్టుకుని బయల్దేరాడు.

"నా బఠాణీ కర్రలు ఎక్కడికి పట్టుకుపోతున్నావు?" వంటింటి కిటికీలోంచి భార్య ఊనా అరిచింది. తీగలు పాకించే ఆ కర్రలు తోటలో వంగినప్పుడు కంట్లో గుచ్చుకోకుండా కనిపించాలని ఏటా వాటికి తెల్లరంగు వేసుకుంటుందామె.

"అంచు వెంబడి గుచ్చి ఫొటో తీసుకోవాలి. గంటలో తెచ్చిస్తా."

"మొన్న పట్టుకెళ్లిన బట్టల తాడు ఇంకా రాలేదు మహానుభావా!"

"అది రెండో హోల్ వెడల్పు కొలవడానికి. ఆ పని వేరు."

కర్రలు గుచ్చాడు, ఫొటోలు తీశాడు. ఇంతలో సముద్రం మీంచి వాన విరుచుకుపడింది. కెమెరాను కోటు లోపల దాచుకుని ఇంటికి పరుగెత్తాడు. కంప్యూటర్‌లో పోల్చి చూస్తే అంచు ఒకచోట బూటు వెడల్పంత పక్కకి జరిగి ఉంది. తప్పు దొరికితే ఎవరైనా బాధపడతారు. లాక్లన్‌కి మాత్రం పండగ. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కర్రల సంగతి మరిచేపోయాడు.

గోల్ఫ్‌లో తెల్ల కర్ర అంటే పొలిమేర. దాన్ని దాటిన బంతి పోయినట్టే. ఒక దెబ్బ అదనంగా రాసుకుని, మొదట కొట్టిన చోటికే నడిచి వెళ్లి మళ్లీ కొట్టాలి. కిన్‌బ్రే జనం చర్చిలో పాటలైనా తప్పు పాడతారేమో గానీ ఈ నియమం మాత్రం తప్పరు.

బుధవారం పోటీలో ముందుగా వచ్చినవాళ్లు పళ్ల డాక్టర్ గిల్బర్ట్ మంకర్, క్లబ్బు కార్యదర్శి టార్క్విల్ బేర్డ్. గిల్బర్ట్ బంతి కర్రలకి అవతల జానెడు దూరంలో పడి ఉంది.

"ఈ కర్రలు ఎప్పుడు పెట్టారు టార్క్విల్?"

టార్క్విల్‌కి తెలియదు. కానీ తెలియదని చెప్పడానికా అతను కార్యదర్శి అయింది?

"కమిటీలో అనుకున్నాంగా! నువ్వా రోజు రాలేదేమో."

గిల్బర్ట్ చాలా సమావేశాలకే డుమ్మా కొట్టాడు. "ఆఁ ఆఁ, గుర్తొచ్చింది" అనేసి, వానలో తడుస్తూ వెనక్కి నడిచాడు.

అంత పెద్దమనిషి వెనక్కి నడవడం చూశాక వెనకొచ్చేవాళ్లు ఇంకేం అడుగుతారు? మధ్యాహ్నానికి సగం ఊరు అదనపు దెబ్బలు రాసుకుంది. ఆ రోజు అందరికంటే బాగా ఆడుతున్న ఎల్స్‌పెత్ కూడా అక్కడే ఓడింది. ఒళ్లు మండిపోయింది. అయినా కమిటీ నిర్ణయం కెప్టెన్‌కే తెలియదంటే సమావేశంలో నిద్రపోయిందనుకోరూ? "మంచి నిర్ణయం. ఇంకా ముందే తీసుకోవాల్సింది" అంది పళ్లు బిగించి.

ముసలి ఫెర్గస్ లమ్స్‌డెన్ ఇంకో అడుగు ముందుకేశాడు. "మా నాన్న కాలంలోనూ ఇక్కడే ఉండేవి. మధ్యలో ఎవడో వెధవ పీకేశాడు."

నాలుగింటి టీ దగ్గర ఊనా "నా కర్రలేవి?" అనడంతో లాక్లన్ కప్పు అక్కడే వదిలేసి పరుగు తీశాడు. వెళ్లీ వెళ్లగానే మొదటి కర్ర మీద చెయ్యి వేశాడు.

"చెయ్యి తియ్!" టార్క్విల్ కేకకి సముద్రపు కాకులు లేచిపోయాయి. "హద్దు కర్ర పీకుతావా? సభ్యత్వం పోతుంది, తెలుసా?"

"ఇవి నావి టార్క్విల్! పొద్దున నేనే గుచ్చాను."

"అన్నీ నీవేలే. కంప్యూటర్‌లో గడ్డి నీది, గాలి నీది. ఇక్కడ మాత్రం కమిటీది."

సాయంత్రం క్లబ్బు నిండిపోయింది. ఎల్స్‌పెత్ కళ్లద్దాలు తుడుచుకుని టీవీకి ముక్కు ఆనించినంత పని చేసింది. ఊడిన చెక్క చూసి తలూపింది. పాచి చూసి "ఓహో" అంది. లాక్లన్‌కి ప్రాణం లేచొచ్చింది. రెండేళ్లలో ఆ పాచిని చూసిన మొదటి మనిషి ఆవిడే. తర్వాత పద్నాలుగో హోల్ వచ్చింది.

"హద్దు కర్రలేవి?"

లాక్లన్‌కి ఏడుపొచ్చినంత పనైంది.

వెనక నుంచి ఊనా లేచింది. "అవి నా బఠాణీ కర్రలమ్మా! కావాలంటే వెళ్లి చూడండి, తీగలు కట్టిన పచ్చ పురికొస ఇంకా వేలాడుతుంటుంది."

ఫెర్గస్ గంభీరంగా తలాడించాడు. "పచ్చ పురికొస! మా నాన్న ఎప్పుడూ చెప్పేవాడు."

"చూశారా?" అన్నాడు టార్క్విల్, తేలిగ్గా ఊపిరి పీల్చుకుని.

లాక్లన్ ఊనా వైపు చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటోంది. కిటికీలోంచి బయటికి చూశాడు. వాన వెలిసిన వెలుతుర్లో కర్రలు తెల్లగా మెరుస్తున్నాయి. ఎవరు గుచ్చితేనేం, ఇప్పుడక్కడ ఉన్నాయి. తెర మీద లేవు. మైదానంలో ఉన్నది తెర మీద లేకపోతే తప్పు తెరదేనని రెండేళ్లుగా అతనే అంటున్నాడు.

టీవీకి తగిలించిన తన కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఒక్కో కర్ర నిలబెట్టాడు. మూడోదాన్ని కొంచెం ఎడమకి వంచాడు. చివరిదానికి పచ్చ పురికొస వేలాడదీశాడు.

ఎల్స్‌పెత్ కిటికీలోంచి మైదానం వైపు, మళ్లీ తెర వైపు చాలాసేపు చూసింది. "ఆ మూడోది వంకరని నీకెలా తెలుసు?"

"గమనించాను" అన్నాడు లాక్లన్ వినయంగా.

చప్పట్లు మోగాయి. క్లబ్బు పేరు ఆ క్షణమే ఖాయమైంది. ఇంటికి వెళ్లే దారంతా లాక్లన్ ఈల వేస్తూనే ఉన్నాడు. ఊనా అతని చెయ్యి పట్టుకుని నవ్వుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే అతను సుత్తి పట్టుకుని మైదానానికి వెళ్లి, తెర మీద కంటే బొటనవేలంత ఎత్తుగా ఉన్న రెండో కర్రని సరిచేసి వచ్చాడు.